పాదం మీద వాత

మా అన్నయ్య మాటల్లో సగం ‘పర్వాలేదండీ’లే. విస్తట్లో కూర అందకపోయినా పర్వాలేదండీ, బస్సులో ఎవరైనా కాలు తొక్కినా పర్వాలేదండీ. ఎంత మర్యాదస్తుడో అని ఊరంతా మెచ్చుకునేది. ఆ మర్యాద మీద నా కోపం ఇప్పటికీ చల్లారలేదు.

పెదపాడు దగ్గర మాకు చేపల చెరువు ఉండేది. చేపల మేతకి తవుడు బస్తాలు భుజాన వేసుకుని గట్టు మీంచి పడవలోకి చేర్చడం అన్నయ్య పని. రెండు వేల ఎనిమిదో తొమ్మిదో, ఆ రోజుల్లో ముందు నడుం పట్టేసింది. తర్వాత ఎడమ పిర్రలోంచి పిక్క దాకా తీగ పట్టి లాగినట్టు నొప్పి మొదలైంది. నిలబడితే నొప్పి, బరువెత్తితే ఇంకా నొప్పి. మోకాళ్లు ముడుచుకుని పడుకుంటే మాత్రం మాయమైపోయేది.

ఏలూరులో ఒక డాక్టరు ఎమ్మారై రాశారు. తాడేపల్లిగూడెంలో నేను పాఠాలు చెప్పే స్కూలుకి సెలవు పెట్టి నేనూ వెంట వెళ్లాను. స్కానింగ్ తీసే ఆయన మంచివాడు. మోకాళ్ల కింద దిండు పెట్టి, “ఇప్పుడు హాయిగా ఉందాండీ?” అని అడిగారు. “హాయిగానే ఉందండీ” అన్నాడు అన్నయ్య. హాయిగా ఉన్నప్పుడు తీసిన ఫొటోలో నొప్పి ఎలా దొరుకుతుంది?

డాక్టరు గారు ఫిల్ములు లైటు మీద పెట్టి చూశారు. “వయసుకి తగ్గ అరుగుదలేనండీ. నరం మీద ఒత్తిడేం లేదు.”

“నిలబడితేనే వస్తుందండీ నొప్పి” అన్నాను నేను.

“మిషను అబద్ధం చెప్పదు కదమ్మా. మీ అన్నయ్యగారికి కాస్త భయం ఎక్కువ. నిద్ర పట్టడానికి మాత్రలు రాస్తాను.”

ఆయన కాలు ముట్టుకోలేదు. చెప్పులు విప్పమని కూడా అనలేదు. నాకు ఒళ్లు మండిపోయింది. అన్నయ్యేమో లేచి దణ్ణం పెట్టి వచ్చాడు.

డాక్టరే ఏం లేదన్నాక ఇంట్లో ఇంకెవరు నమ్ముతారు? బస్తాలు మళ్లీ భుజానికెక్కాయి. ఒకరోజు ఎడమ కాలి చెప్పు బురదలో ఉండిపోతే, అది తెలియక అన్నయ్య గట్టు చివరిదాకా నడిచాడు. “ధ్యాస ఎక్కడుందిరా నీకు?” అని నాన్న కసిరారు.

తర్వాత కామవరపుకోట వైపు ఒక పెద్దాయన ఇలాంటి నొప్పికి వాత పెడతాడని ఎవరో చెప్పారు. నేను వద్దని నాన్నతో గొడవపడ్డాను. నా మాట ఎవరు వింటారు? ఆ పెద్దాయన ఇనప ఊచ ఎర్రగా కాల్చి, ఎడమ పాదం మీద ఆనించాడు. చర్మం కాలిన వాసన వచ్చింది. అన్నయ్య కనురెప్ప కూడా కదపలేదు.

“గుండె గట్టిదండీ మీవాడిది. ఎంతటివాళ్లయినా కేక పెడతారండీ ఇక్కడ” అన్నాడు పెద్దాయన. నాన్న మొహం వెలిగిపోయింది. మావాడు కదల్లేదండీ అని ఊళ్లో కనపడిన వాళ్లందరికీ చెప్పుకున్నారు.

పాదం ఈడ్చుకుపోవడం మొదలయ్యాక నేనింక ఎవర్నీ అడగలేదు. అన్నయ్యని హైదరాబాదు తీసుకెళ్లాను. అక్కడి డాక్టరమ్మ మొదట చెప్పులు విప్పించారు. మచ్చ చూసి ఆగారు.

“ఇదేంటండీ?”

“వాతండీ.”

“పెట్టినప్పుడు నొప్పెలా ఉంది?”

“పర్వాలేదండీ.”

“పర్వాలేదంటే?”

అన్నయ్య వంగి మచ్చ వంక చూసుకున్నాడు. “ఏమీ తెలియలేదండీ.”

ఆవిడ గుండుసూదితో పాదమంతా పొడిచి చూశారు. అక్కడ స్పర్శ పోయిందని చెప్పారు. ఒక మనిషి పాదం కాలుతున్నా తెలియకపోవడాన్ని మావాళ్లు పౌరుషమని చాటుకున్నారు.

ఈసారి స్కాను వేరు. దిండు లేదు. భుజాలకి కోటులాంటిది తొడిగి, దాన్ని పాదాల దగ్గరి పలకకి పట్టీలతో బిగించారు. పడుకున్న నడుం మీద నిలబడినప్పటి బరువు పడాలని. తర్వాత నరం వెన్నులోంచి పక్కకి వచ్చే దారంతా విడిగా ఫొటోలు తీస్తారట. నొప్పి వస్తే చెప్పమన్నారు. అన్నయ్య చెప్పే మనిషా? నేను టెక్నీషియన్‌ని బతిమాలి మైకు అందుకున్నాను. “అన్నయ్యా, ఇక్కడ మర్యాద వద్దు. వస్తే వచ్చిందని చెప్పు.”

కాసేపటికి స్పీకర్లోంచి గొంతు వినిపించింది. “వస్తోందండీ. బాగా వస్తోందండీ.” నొప్పిలోనూ అండీ మానలేదు. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి.

వెన్నుపూస పక్క సందులోంచి బయటికి వచ్చేచోట, జారిన డిస్కు కింద నరం నలిగి, ఉబ్బి, తెల్లగా కనపడింది. “పాత స్కానులో ఇది దొరక్కపోవడం వింతేం కాదండీ” అన్నారు డాక్టరమ్మ. “కానీ పాదం చూసుంటే అప్పుడే ఇంకో స్కాను అడిగేవారు.”

ఆపరేషన్‌తో నొప్పి పోయింది. పాదం మాత్రం సగమే తిరిగొచ్చింది, ఆలస్యమైందన్నారు. ఇప్పటికీ ఆ కాలికి ప్లాస్టిక్ పట్టీ బిగించుకునే గట్టు మీదికి వెళతాడు.

ఒకసారి దెందులూరు నుంచి వచ్చిన చుట్టం ఆ మచ్చేమిటని అడిగాడు. నాన్న అలవాటుగా అందుకున్నారు. “ఎర్రటి ఊచండీ. మావాడు కదిలితే ఒట్టు.”

అన్నయ్య పట్టీ బిగిస్తూ తలెత్తాడు. “ఆ మాట ఇంకెప్పుడూ చెప్పకండి నాన్నా. నాకు తెలియలేదు, అంతే.”

నాన్న తల దించుకున్నారు. పర్వాలేదని అన్నయ్య అంటాడేమోనని చూశాను. అనలేదు.