షెడ్డు గుడ్డతో కుట్టిన ట్యూనిక్

మా పాపకు ఒకటో క్లాసులో సీటు ఇచ్చిన రోజున ఇంగ్లీషు కాన్వెంటు స్కూలు ఆఫీసులో ఒక కాగితం చేతిలో పెట్టారు. ఇంగ్లీషులో టైపు చేసిన జాబితా. పుస్తకాలు, నాలుగు గీతల కాపీలు (ఈ హిందీ ఊళ్ళో నోటు పుస్తకాలని అలాగే అంటారు), లెక్కలకి గళ్ళ కాపీలు, బ్యాగు, నీళ్ళ సీసా, నల్ల బూట్లు, తెల్ల చొక్కాలు, వాటి మీద వేసుకునే నీలం ట్యూనిక్‌లు రెండు. చివర గీత కొట్టి మరీ రాశారు: జూలై ఒకటిన వీటిలో ఏది లేకపోయినా బిడ్డను లోపలికి రానివ్వరు. అది చాలదన్నట్టు గుమాస్తా, "బహన్‌జీ, ఈ సీటు కోసం బయట చాలామంది కాచుకుని ఉన్నారు" అని హిందీలో చెప్పాడు.

రైల్వే క్వార్టర్‌కి చేరేలోపు ఆ కాగితం నాలుగుసార్లు చదివాను. అత్తగారు బియ్యం ఏరుతూ విన్నారు.

"సీటూ జాబితా ఏటే? పలకా బలపం ఇచ్చి తోలితే సాల్దా? నా ముగ్గురు కొడుకులూ ఎదురుగా ఉన్న రైల్వే బళ్ళోనే సదివినారు. ఏటి తక్కువైపోనారు?"

తక్కువేమీ కాలేదు. కానీ నేను ఇంటరు దాకా తెలుగులో చదివి విజయనగరంలో బి.ఏ.లో చేరాను. లెక్చరర్ ఇంగ్లీషులో ప్రశ్న అడిగితే, జవాబు తెలిసి కూడా ఏడాదిపాటు లేచి నిలబడలేదు. అలాంటి ఏడాది నా కూతురికి రాకూడదని అది పుట్టినప్పుడే అనుకున్నాను. అత్తగారితో అది చెప్పలేదు. జూలై ఒకటికి అన్నీ ఉంటాయి, అని మాత్రం అన్నాను.

మా ఆయన రైలింజన్ల షెడ్డులో ఫిట్టరు. జీతంలో ఆ నెల మిగిలేది జాబితాలో సగానికి సరిపోతుంది. మిగతా సగం నేను చూసుకోవాలి.

వెనక లైను క్వార్టర్లలో ఒక గార్డుగారికి నాగపూరు బదిలీ అయింది. వాళ్ళబ్బాయి ఒకటో క్లాసు అదే స్కూల్లో పూర్తిచేశాడు. సామాన్లు కడుతుండగా వెళ్ళి ఆ పుస్తకాలు సగం ధరకి తెచ్చాను. ఆ అబ్బాయి ప్రతి ఖాళీలోనూ పెన్సిలుతో జవాబులు నింపేశాడు. మూడు రోజులు రబ్బరు పట్టుకుని కూర్చున్నాను.

"ఎందుకే సెరిపేస్తావు? పిల్లకి కష్టం తప్పుద్ది గదా!" అన్నారు అత్తగారు.

కాపీలు పక్కింటావిడా నేనూ కలిసి గోల్ బజారులో డజన్ల లెక్కన కొని పంచుకున్నాం. బూట్లు ఒక సైజు పెద్దవి తీసుకున్నాను. దుకాణంవాడు పాప కాలు చూసి, "ఇవి దీని పెళ్ళికి సరిపోతాయి దీదీ" అన్నాడు. "అయితే అప్పటిదాకా చిరగవని రాసివ్వు" అన్నాను. రెండు రూపాయలు తగ్గించాడు.

ట్యూనిక్ దగ్గర మాత్రం ఆగిపోయాను. సదర్ బజారులో కుట్టి అమ్ముతున్న జత ధర విని, పట్టుకున్న హాంగరు తిరిగి తగిలించి వచ్చేశాను.

షెడ్డువాళ్ళు ఏడాదికోసారి యూనిఫాం కోసం నీలం డ్రిల్లు గుడ్డ ఇస్తారు. మగవాళ్ళు పాత జతనే పిగిలేదాకా తొడుక్కుంటారు. కొత్త గుడ్డ ఇంట్లోకి వస్తుంది. మా కాలనీలో ఏ ఇంటికి వెళ్ళినా కూరల సంచీ, తలగడ గలీబులు, కుట్టుమిషను మీద ముసుగు అన్నీ ఆ నీలమే. ఆ ఏటి గుడ్డ మా ట్రంకు పెట్టెలో అలాగే ఉంది. తీసి చూస్తే స్కూలు నీలంలాగే కనిపించింది. ఎవరినీ అడగాలని కూడా తోచలేదు. రెండు ట్యూనిక్‌లు కత్తిరించి, అత్తగారి మిషను మీద కుట్టి, ఇస్త్రీ చేసి గోడకి తగిలించాను.

నాలుగో రోజు ఆయన డ్యూటీ నుంచి వస్తూనే ట్రంకు పెట్టె తెరిచారు.

"నా కప్డా ఏదీ?"

"ఏ గుడ్డ?" అన్నాను, తెలిసే.

"షెడ్డోళ్ళిచ్చింది. ఇరవై ఎనిమిదిన పెద్ద సాబ్ ఇన్‌స్పెక్షన్. కొత్త యూనిఫాం నేకపోతే మెమో అని ఫోర్‌మన్ సెప్పీసినాడు. ఇయ్యాలే దర్జీకి ఇచ్చీయాల."

నేను గోడవైపు చూశాను. ఆయనా చూశారు.

"అచ్ఛా! నా పాంటు ఒకటో క్లాసులో సేరిపోనాదన్నమాట."

అత్తగారు పకపకా నవ్వి, వెంటనే నా మీదకి తిరిగారు. "సదువుకున్నదానివి, అడక్కుండా కత్తెరెట్టీసినావేటే?"

ఆయన మాత్రం నవ్వలేదు. పాత జత మోకాళ్ళ దగ్గర మాసికలు, గ్రీజు మరకలు. మెమో వస్తే ఇంక్రిమెంటు ఆగుతుంది. ట్యూనిక్ అంచు రెండు వేళ్ళతో పట్టుకుని చూసి, "పోనీలే, మెమో వస్తే రానీ" అన్నారు. తిట్టి ఉంటే అంత భయం వేసేది కాదు.

"మెమో రాదు. ట్యూనిక్ విప్పడమూ లేదు" అన్నాను.

మర్నాడు వంట కాగానే లైను వెంబడి బయల్దేరాను. మొదటి ఇంట్లో గుడ్డ దర్జీ దగ్గరికి వెళ్ళిపోయింది. రెండో ఇంట్లో గలీబులైపోయింది. మూడో ఇల్లు దాటేసరికి వెనక చెప్పుల చప్పుడు. అత్తగారు.

"నీకు అడగడం రాదు గానీ, పద."

లైను చివర ఇంటాయన రిటైర్మెంటు ముందు సెలవులో ఉన్నాడు. ఆయన భార్య గుడ్డను మడత విప్పకుండా దాచింది. అత్తగారు మంచం మీద కూర్చుని నెమ్మదిగా మొదలుపెట్టారు.

"రిటైరైపోతన్న మనిషికి ఇంక నీలం బట్టలేటి, వొదినా?"

"ఆయనకి కాదమ్మా, మా మనవడికి లాగూలు కుట్టిద్దామని."

"ఆ లాగూలు నేను కుడతాను పిన్నీ, పాత పాంట్లలోంచి. మీకు ఇంకేం కుట్టాలన్నా కుడతాను" అన్నాను.

"అయితే జాకెట్లు పది."

"పదా! గుడ్డిత్తన్నావా, మా కోడల్ని కొనుక్కుంటన్నావా?" అన్నారు అత్తగారు.

ఏడు జాకెట్ల దగ్గర కుదిరింది.

దర్జీకి ఇచ్చే వ్యవధి లేదు. చొక్కా అయితే కుట్టగలను, మగవాళ్ళ పాంటు నేనెప్పుడూ కుట్టలేదు. ఆయన పాత పాంటు ఒకటి కుట్లన్నీ విప్పి, కొత్త గుడ్డ మీద పరిచి, సుద్దతో గీసుకున్నాను. మొదటిసారి జేబులు తిరగబడ్డాయి. విప్పి మళ్ళీ కుట్టాను. ఇరవై ఎనిమిది సాయంత్రం ఆయన నేను కుట్టిన జతలో తిరిగొచ్చి గుమ్మంలో నిలబడ్డారు.

"ఏమైంది?" అన్నాను.

"ఏటవుద్ది? సాబ్ ఇంజన్నే సూసినాడు. నా పక్క తిరగనైనా నేదు."

జూలై ఒకటిన వర్షం. స్కూలు వరండాలో ఒక సిస్టర్ జాబితా చేతిలో పట్టుకుని ఒక్కొక్క బిడ్డనూ చూస్తోంది. మా వంతు వచ్చింది. పుస్తకాలకి టిక్కు, కాపీలకి టిక్కు, బూట్లకి టిక్కు. ట్యూనిక్ దగ్గర కలం ఆగింది. పక్కనున్న పాపను దగ్గరికి పిలిచి రెండు అంచులూ కలిపి చూసింది. మాది ఒక చాయ ముదురు. ఇంట్లో పోల్చుకోవడానికి ఇంకోటి లేక నాకు తెలియలేదు.

"ఇది ఎక్కడ కొన్నారు?"

పాప చెయ్యి వదల్లేదు.

"కొనలేదు సిస్టర్. మా ఆయనకి రైల్వే ఇచ్చిన గుడ్డ, నేను కుట్టాను. మీ జాబితాలో నీలం అని ఉంది. ఇది నీలమే."

ఆమె అంచు తిరగేసి కుట్లు చూసింది. పాప పొడుగయితే దింపడానికని లోపల నాలుగు వేళ్ళ మడత వదిలాను. దాన్ని వేలితో కొలిచి, "రెండేళ్ళు వస్తుంది" అంది, నాతో కాదు, తనలో తాను. టిక్కు పెట్టింది.

ఆయా పాపను లోపలికి తీసుకెళ్ళింది. జాబితా నా చేతికి తిరిగొచ్చింది. వానలో గొడుగు తెరవకముందే, ఎక్కడైనా టిక్కు తప్పిందేమోనని, మొదటి నుంచి చివరిదాకా మళ్ళీ చూసుకున్నాను.