నంబరు ప్లేటు తుడిచే ఆయన

2011 సెప్టెంబరు, ఆదివారం. పాత కార్ల ప్రదర్శనల యాత్రలో రెండో రోజు; హైదరాబాదు ప్రదర్శన ముగించి విజయవాడ పోటీకి బయల్దేరాం. కారులో ఇద్దరమే: నేను, కారు యజమాని అయిన హైదరాబాదు కొత్తపేటలోని మా పొరుగాయన. గుంటూరు మనిషి. ఎక్కడ ఆగినా దిగి, తండ్రి నాటి ఆ ఫియట్ నంబరు ప్లేటును జేబురుమాలుతో తుడిచేవారు.

ఎల్బీనగర్‌లో తెలంగాణ ఉద్యమం కుర్రాళ్లు ఆపారు.

“పెద్దాయనా, గీ కారు విజయవాడ దాకా పోతదా? జర ఆగు, ఏపీ మీద టీజీ రాస్తం.”

“రాయండి బాబూ, వంకర రాకుండా చూడండి.”

పాత ప్లేటు పాడైతే పోటీకి ఒప్పుకోరు. సూర్యాపేట దాటాక, “ఆ టీజీని కిరసనాయిలుతో తుడిచేద్దామండీ” అన్నాను.

“వద్దండీ. ఇంటికి మళ్లీ ఆ దారినేగా వెళ్లాలి.”

మర్నాడు ఉదయం విజయవాడలో ప్లేటు మీది టీజీ చూసి నిర్వాహకులు ఆయన కారును పోటీలోంచి తీసేశారు. ఆయన జేబురుమాలు తీసి, టీజీ అక్షరాల మీది దుమ్ము కూడా తుడిచి, కారును హైదరాబాదు వైపు తిప్పారు.