టేపు బాబాయి కొలత తప్పాడు

చొక్కా మరిచిపోయి వీధిలోకి వస్తాడేమో గానీ, జేబులో కొలతల టేపు లేకుండా టేపు బాబాయి గడప దాటడు. చొక్కా లేకపోతే జేబెక్కడిదని అడక్కండి. అప్పుడు టేపు నోట కరుచుకుని వస్తాడు.

ఆయనది పన్నెండు టేబుళ్ల హోటలు. వంట ఆయనది, గల్లా పిన్నిది. పిన్ని అంటే ఆయన భార్యే, వీధి వీధంతా ఆవిణ్ణి అలాగే పిలుస్తుంది. పెళ్లయిన మర్నాడు పొద్దున్నే కళ్లు తెరిచేసరికి, కొత్త మొగుడు మంచం పక్కన కూర్చుని తనను తల నుంచి కాళ్ల దాకా టేపుతో కొలుస్తున్నాడు. పిన్ని కెవ్వుమంది.

"ఇదేం పనండీ!"

"అయిదడుగుల ఒకటిన్నర అంగుళం. వంటింట్లో షెల్ఫు నీకు అందదు. దించాలి."

ఆ షెల్ఫు మధ్యాహ్నానికల్లా దించేశాడనుకోండి. అయినా పాతికేళ్లుగా ఆ కథను పిన్ని కనిపించిన వాళ్లందరికీ చెబుతూనే ఉంది.

హోటలుకు వచ్చే వాళ్లకూ ఆ బాధ తప్పేది కాదు. ఓ లారీ డ్రైవరు చేతులు కడుక్కుంటుంటే వెనక నుంచి నడుం కొలిచి, "నువ్వు హోటలు వాడివా, దర్జీవా?" అని తిట్లు తిన్నాడు. పోస్టమ్మగారి దగ్గరైతే మరీనూ. పోస్టాఫీసులో చేసి రిటైరైన ఆవిడ చక్రాల కుర్చీలో తిరుగుతారు. రోజూ మధ్యాహ్నం ఠంచనుగా వచ్చి, గుమ్మం బయటే ఆగి, ప్లేటు ఒళ్లో పెట్టుకుని తింటారు. "లోపల ఉక్క. నాకిక్కడే హాయి" అంటారు. ఓ రోజు ఆవిడ తింటుండగా బాబాయి గొంతుక్కూర్చుని కుర్చీ వెడల్పు కొలవబోయాడు.

"ఏమయ్యోయ్, నన్ను గానీ పార్సిలు కట్టి పంపించేస్తావా ఏం?" అని ఆవిడ గరిటెడు పులుసు ఆయన నెత్తిన పోసినంత పని చేశారు.

ఇంతలో పక్క కొట్టు ఖాళీ అయింది. మధ్య గోడ తీసేసి హోటలు పెంచాలని బాబాయి మున్సిపల్ ఆఫీసులో అర్జీ పెట్టాడు. నెలాఖరులోగా అనుమతి రాకపోతే ఆ కొట్టు సెల్‌ఫోన్ల వాళ్లకు ఇచ్చేస్తానన్నాడు యజమాని. పిన్నికి మాత్రం అప్పుడే కళ్ల ముందు ఇరవై టేబుళ్లు వరసగా పేర్చినట్టు కనిపించసాగాయి. ఇరవయ్యో టేబులుకు వేసే గుడ్డ రంగు కూడా అనుకుంది పాపం.

ఇంజనీరు వచ్చి కొలుచుకుపోయాడు. వారం తిరక్కుండా ఫైలు వెనక్కి వచ్చింది. హోటలు ఫుట్‌పాత్ మీదికి మూడంగుళాలు జరిగిందట.

"నా కొలతకా వంక!" అంటూ రెండు పూటలు అన్నం మానేశాడు బాబాయి. నెలాఖరు రోజున పొద్దున్నే మున్సిపల్ కమిటీ ముందు హాజరయ్యాడు. వెనకాలే పిన్ని, కసిగా కొంగు దోపుకుని.

"ఇంజనీరు గారూ, తమరి టేపు ఓసారి ఇప్పించండి" అన్నాడు.

కమిటీ అధ్యక్షురాలి ముందున్న టేబులును తన టేపుతో కొలిచాడు. అయిదడుగులు. ఆఫీసు టేపుతో కొలిచాడు. అయిదడుగుల మూడంగుళాలు.

"చిత్రంగా ఉందే!" అందావిడ.

"ఏం లేదమ్మా, ఈ టేపు కొస విరిగిపోయింది. దీనికి మూడంగుళాల గీత నుంచే లెక్క మొదలు."

ఇంజనీరు మొహం మాడిపోయింది. "ఆరేళ్లుగా ఊరంతా దీంతోనే కొలుస్తున్నా..." అని గబుక్కున నాలిక్కరుచుకున్నాడు. హాలంతా ఒకటే నవ్వు.

అధ్యక్షురాలు నవ్వాపుకుని ఫైలు తెరిచింది. "ఇప్పుడెన్ని టేబుళ్లు?"

"పన్నెండండీ."

"పెంచాక?"

"పన్నెండే."

"ఏవిటీ!" అని అరిచింది పిన్ని. కష్టపడి పేర్చుకున్న ఎనిమిది టేబుళ్లూ కళ్ల ముందే మాయమయ్యాయి మరి.

"మరి పెంచడం దేనికయ్యా?" అంది అధ్యక్షురాలు.

బాబాయి టేపు అటూ ఇటూ తిప్పాడు. "దారికండీ. ఇప్పుడు టేబుళ్ల మధ్య ఇరవై అంగుళాలే ఉంది. పోస్టమ్మగారి కుర్చీ ఇరవై ఆరు. తిప్పుకోవాలంటే అయిదడుగులు కావాలి. నాలుగేళ్ల నుంచి ఎండలో, వానలో గుమ్మం బయటే తింటున్నారండీ."

"దానికి రెండు మూడు టేబుళ్లు తీసేస్తే పోయేదిగా?"

"తన కోసం తీశానని తెలిస్తే ఆవిడ ఇటు చచ్చినా రారు. కొట్టు పెరిగింది కాబట్టి దారీ పెరిగిందనుకోవాలి. దయచేసి ఇది ఫైల్లో రాయకండమ్మా."

పిన్నికి ఎందుకో కిందికి దిగిన వంటింటి షెల్ఫు గుర్తొచ్చింది. "ఇంటికి పదండి, మీ పని చెబుతాను" అని గొణిగింది కళ్లొత్తుకుంటూ.

ఇంజనీరే పరుగున వెళ్లి స్టాంపు తెచ్చాడు. ఫైలు మీద అది దబ్‌మని పడిన చప్పుడుకు పిన్ని అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది.

గోడ పడింది, గుమ్మం ముందు మెట్టు పోయి వాలు వచ్చింది. కొత్త హోటలు తెరిచిన రోజు వీధి వీధంతా అక్కడే ఉంది. పోస్టమ్మగారి కుర్చీ ఎక్కడా రాసుకోకుండా జామ్మని హాలు మధ్యకు వచ్చి ఆగింది. ఆవిడ అక్కడే ఓ చుట్టు తిరిగి, నలువైపులా చూశారు.

"ఇదేం చోద్యం! ఇంత జాగా వదిలేశారేం? ఇంకో ఎనిమిది టేబుళ్లు పట్టేవి కదా. వ్యాపారం చేసే మొహాలేనా ఇవి?"

గల్లా దగ్గర్నుంచి పిన్ని గొంతెత్తింది.

"ఏం చెప్పమంటారు పోస్టమ్మగారూ! జన్మంతా కొలిచి ఏం లాభం? మా ఆయన కొలత తప్పాడు."

ఆ మాట ఇంకెవరన్నా అని ఉంటే ఏమయ్యేదో! బాబాయి చెయ్యి జేబులో టేపు దాకా వెళ్లింది. అక్కడే కాసేపు ఆగి, ఖాళీగా బయటికొచ్చింది.

"అవునండీ, తప్పాను" అన్నాడు.

"సర్లే, తప్పితే తప్పావు, ముందు ప్లేటు పట్రా." పోస్టమ్మగారు కుర్చీని టేబులు కిందికి తోసుకున్నారు. మోకాళ్లు ఎక్కడా తగల్లేదు. "ఈ టేబులు ఎత్తు మాత్రం నాకు అతికినట్టు సరిపోయింది. అదృష్టం!"

"అదృష్టమేనండీ" అన్నాడు టేపు బాబాయి.