గోరింటాకు కింద గోరు

ఆఫీసులో గోళ్ళు గిల్లుకుంటూ కూర్చుంటానని నాకు పేరు. ఇంట్లో మాత్రం రోజూ పొద్దున్నే గోళ్ళు చూస్తూ కూర్చుంటాను. నావి కాదు, మా ఆవిడవి. నిజానికి ఆవిడవీ కావు.

కడియం దగ్గర కొబ్బరి పీచు తీసే మిల్లులో యంత్రం ఆవిడ రెండు చేతులూ లాక్కుంది. కొన్నేళ్ళ తరవాత కేరళలో, చనిపోయిన ఎవరివో చేతులు ఆవిడకు అతికించారు. పరాయి చేతుల్ని ఒళ్ళు ఎప్పుడైనా కాదనవచ్చునట. చర్మం ఎర్రబడినా, గోరు మీద అడ్డంగా తెల్లచార పడినా, గోరు పెరగడం మానేసినా వెంటనే ఫోను చేయమని డాక్టరు గారు చెప్పి పంపారు. అందుకని భూతద్దం కొన్నాను. జాతకం చెప్పేవాళ్ళకు అరచేయి చాలు. నేను చేయి తిరగేసి చూడాలి.

ఆషాఢంలో ఒక సాయంత్రం నేను కాకినాడ నుంచి బస్సు దిగి ఇంటికి వచ్చేసరికి, మా అత్తగారు కూతురి వేళ్ళన్నిటికీ గోరింటాకు టోపీలు పెట్టేసి, అరచేతుల్లో చందమామలు దిద్దుతున్నారు.

"చేతులొచ్చాక మొదటి ఆషాఢం కదా బాబూ" అన్నారు.

మా ఆవిడ ముఖంలో సంబరం చూసి, భూతద్దం తీసుకెళ్ళి అలమరలో పెట్టేశాను.

మర్నాటికి బ్రహ్మాండంగా పండింది. వీడియో కాల్‌లో ఆ ఎరుపు చూసి డాక్టరు గారు కుర్చీలోంచి లేచారు. సంగతి విని కూర్చున్నారు గానీ, నవ్వలేదు. చర్మం మీది రంగు పోతుంది, గోళ్ళది పోదు. కింద చారలున్నా కనపడవు. గోరు మొదట్లో రంగులేని కొత్త గోరు వస్తోందో లేదో చూడండి, రాకపోతే బయలుదేరి రండి అన్నారు.

చూశాను. అంతకు మించి నా చేతుల్లో ఏమీ లేదు. ముందు బొటనవేళ్ళ దగ్గర ఎరుపు సన్నటి నెలవంకంత జరిగింది. తరవాత మిగతా వేళ్ళ దగ్గర. కుడి ఉంగరపువేలి దగ్గర మాత్రం చర్మాన్ని అంటిపెట్టుకునే ఉంది.

"కదిలిందాండీ?"

కళ్ళజోడు మార్చాలేమో అన్నాను. ఆవిడ భూతద్దం తీసుకుంది. ఆ వేళ్ళు ఇంకా సరిగ్గా ముడుచుకోవు. చాలాసేపు చూసి తిరిగి ఇచ్చేసింది.

కేరళ రైలెక్కే రోజు పొద్దున్న నెయిల్ కట్టర్ తెచ్చి నా ముందు పెట్టింది. డాక్టరు గారు చూస్తారు, శుభ్రంగా ఉండాలంది. ఒక్కొక్క వేలే తీసుకుంటూ వచ్చాను. ఉంగరపువేలి దగ్గర కత్తిరించడానికి ఏమీ లేదు. అయినా ఆవిడ వేలు చాపే ఉంచింది. కట్టర్ ఆనించి, గాలిలోనే ఒకసారి నొక్కాను.