బాల్కనీలో పొదిగే కోడి

మూడో నెలలో నా కడుపు నిలవలేదు. దవాఖాన నుంచి మన్సూరాబాద్‌లోని మా కిరాయి ఇంటికి వచ్చిన మర్నాడే అమ్మ నల్గొండ దగ్గరి మా ఊరి నుంచి బస్సెక్కి వచ్చింది. ఒక చేతిలో బట్టల సంచి, ఇంకో చేతిలో గంప. గంపలో కాళ్లు కట్టేసిన కోడి, పాత చీరలో చుట్టిన గుడ్లు. పొదుగుకు వచ్చిన కోడిని ఎవరికో అప్పజెప్పి రావడానికి మనసొప్పలేదట. బాల్కనీలో వాషింగ్ మెషిన్ వెనక ఆ గంపలోనే గడ్డి పరిచి, ఉరుములకు గుడ్లు మురిగిపోకుండా ఒక ఇనుప మొల కూడా వేసి, కోడిని కూర్చోబెట్టింది.

నాకు ఒళ్లు మండింది. నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో జువాలజీ చెబుతాను. గుడ్డులో పిల్ల ఎలా తయారవుతుందో బోర్డు మీద ఎన్నిసార్లు గీశానో లెక్కే లేదు. పచ్చసొన మీద చిన్న తెల్లటి మచ్చతో మొదలు. కళ్లూ కాళ్లూ ఇంకా సరిగ్గా ఏర్పడకముందే గుండె కొట్టుకుంటుంది, రక్తనాళాలు సొన మీదికి పాకుతాయి అని చెబుతుంటే వెనక బెంచీల వాళ్లు కూడా తలెత్తుతారు. నా మొదటి స్కాన్‌లోనూ గుండె కొట్టుకోవడం చూపించారు. తర్వాతి స్కాన్‌లో అది లేదు. అలాంటి ఇంట్లోకి ఎవరైనా పొదిగే గుడ్లు తెస్తారా?

కారణాలు చెప్పేవాళ్లకు కొదవ లేదు. కింది వాటాలో ఉండే ఓనర్ ఆంటీది గుంటూరు వైపు. మంచి మనిషే, రోజూ చారు తెచ్చిచ్చేది. చారు గిన్నె చేతికిస్తూనే, "స్కూటీ మీద తిరగొద్దని చెప్పానా లేదా అమ్మా" అంది. ఒకరు బొప్పాయి అన్నారు, ఇంకొకరు మెట్లు అన్నారు. నీ వల్ల జరిగింది కాదని డాక్టరమ్మ చెప్పింది గానీ నేను నమ్మలేదు. ఎల్బీ నగర్ దారిలో ఏ గుంతలో బండి దింపానో, ఎక్కడ గట్టిగా బ్రేక్ వేశానో పడుకుని తవ్వుకుంటూనే ఉన్నాను.

అమ్మ మాత్రం ఒక్క మాటా అనలేదు. నాకు ఎక్కువ భయం అదే. నోరు తెరిస్తే తనూ నన్నే అంటుందనుకున్నాను.

వారం దాటాక ఒక మధ్యాహ్నం, కోడి మేతకు లేచినప్పుడు, గుడ్లు చూడాలి, ఫోన్ లైటు పట్టమంది అమ్మ. చీకటి కోసం బాత్రూంలోకి వెళ్లి తలుపు వేసుకున్నాం. అమ్మ ఒక్కో గుడ్డూ గుప్పిట్లో పట్టుకుని లైటుకు ఆనించింది. లోపల ఎర్రటి దారాల్లా నాళాలు, మధ్యలో కదిలే నల్లటి చుక్క. ఇన్నేళ్లుగా గీసిన బొమ్మ కదలడం నేను చూడటం అదే మొదటిసారి.

ఒక గుడ్డులో కదలిక లేదు. నాళాలు చెదిరిపోయి, రక్తం ఉంగరంలా గుండ్రంగా నిలిచిపోయింది. మొదలై ఆగిపోయింది. ఇదెందుకు ఆగిపోయిందమ్మా అని అడిగాను.

అమ్మ ఆ గుడ్డును పక్కన పెట్టింది.

"ఎందుకో నాకు తెల్వది బిడ్డా. కోడి అయితే అన్నిటి మీద ఒక్కతీరుగనే కూసున్నది. దాని తప్పేం లేదు."

దవాఖాన నుంచి వచ్చాక అప్పటిదాకా నాకు ఏడుపు రాలేదు. ఆ బాత్రూం నేల మీద కూలబడి ఏడ్చాను. బయట కోడి మేత ముగించుకుని ఖాళీ గంప చుట్టూ అరుస్తోంది. గుడ్లు చల్లబడుతున్నాయని తెలిసీ అమ్మ నా పక్కనే కూర్చుంది.