తాతయ్య కారు తాగిన పెట్రోలు

నా చిన్నప్పుడు సారం అనే ఊర్లో మా ఇంట్లో పొదుపు తెలియనిది ఒక్కటే, మా తాతయ్య పాత కారు. తాతయ్యది బియ్యం వ్యాపారం. వారం వారం కడలూరు పోయి రావాల. కారు తోలేది పక్కనున్న అరియాంకుప్పం మనిషి. నేను పుట్టకముందు నుంచీ మా దగ్గరే పని. పిల్లలం ఆయన్ను డ్రైవర్ మామ అనేవాళ్ళం.

ఒక ఏడు ఎండలు తగ్గినప్పట్నుంచి కారుకు ఏమొచ్చిందో, పోసిన పెట్రోలు పోసినట్టే అయిపోయేది. మా ఊర్లో పెట్రోలు చవక, పక్క రాష్ట్రం కడలూరులో ధర ఎక్కువ. అందుకని ఇక్కణ్ణించి బండి పోతే చాలు, అక్కడి చుట్టాలు క్యాను పట్టుకొని ఎదురుచూస్తుంటారు. ట్యాంకులో ట్యూబు పెట్టి లాగేదానికి ఎంతసేపు? పైగా డ్రైవర్ మామ చెల్లెల్ని ఇచ్చింది కడలూరులోనే. ఆయన్ను అనుమానించేదానికి ఇంకేం కావాల మా తాతయ్యకు!

బండి బరువుగా పోతా ఉంది, ఒకసారి మెకానిక్‌కు చూపిద్దామని పాపం డ్రైవర్ మామ రెండు మూడు మాట్లు చెప్పినాడు. దొంగకు సాకులకేం తక్కువని తాతయ్య కొట్టిపారేసినాడు. ట్యాంకు మూతకు తాళం వేయించి, తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాడు. అయినా పెట్రోలు అట్లే తగ్గింది. ఇంకొకరైతే అక్కడన్నా ఆగి ఆలోచిస్తారు. మా తాతయ్య మాత్రం వాడు మారు తాళంచెవి చేయించినాడని తేల్చేసినాడు.

నన్ను అరుగు మీద కాపలా కూర్చోబెట్టినారు. డ్రైవర్ మామ కారు వెనక్కి పోతే నేనూ అరుగు చివరికి జరిగేదాన్ని. గుడ్డ తీసుకొని తుడుస్తున్నా ఏదో దాస్తున్నట్టే ఉండేది. నాకు కమ్మరకట్టు మిఠాయి తెచ్చిచ్చే మనిషే, అయినా ఆయన నవ్వితే ఎందుకు నవ్వుతున్నాడా అని చూసేదాన్ని. ఇంట్లో పెద్దలు ఒక మనిషిని ఎట్లా చూస్తే పిల్లలకూ అదే చూపు వస్తుంది, ఏం చేస్తాం.

ఆయుధపూజ నాడు పనివాళ్ళకు కొత్త బట్టలు పెట్టేది మా ఇంటి వాడుక. ఈసారి బట్టలు చేతికిచ్చి, రేపట్నుంచి రావద్దని చెప్పేస్తానని తాతయ్య మా అవ్వతో అన్నాడు. దొంగని పేరు పడినాక ఆయనకు ఇంకెవరు బండి ఇస్తారు? ఆయన ఇంటినిండా చిన్నపిల్లలు. అవ్వ ఆ పూట సరిగ్గా తినలేదు.

పూజనాడు డ్రైవర్ మామ కారు కడిగి గంధం కుంకుమ పెట్టినాడు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి బండిని వాటి మీదుగా నడిపించాల. ఆ రోజు పనిముట్లకు విశ్రాంతి కాబట్టి ఇంజను ముట్టించకూడదని తాతయ్య పట్టు. అందుకని ఏటా చేతుల్తోనే తోసేవాళ్ళం. పోయిన ఏడు పిల్లలం తోస్తేనే పోయింది. ఈసారి మా నాయన, చిన్నాయన, డ్రైవర్ మామ కలిసి భుజాలు పెట్టినా కారు కదల్లేదు. నిమ్మకాయలు నలగలేదు. అపశకునమని తాతయ్య మొహం నల్లబడింది.

హారతి పళ్ళెం పట్టుకొని అవ్వ చూస్తా నిలబడింది. హేండ్ బ్రేకు వేసి ఉందా అని అడిగింది. లేదమ్మా, దించేసినానని డ్రైవర్ మామ తలుపు తీసి చూపించినాడు. అప్పుడు అవ్వ తాతయ్య వైపు తిరిగింది.

"ఇంతమంది తోస్తే కదలని బండిని ఇన్నాళ్ళూ ఇంజను ఒంటిగా లాక్కొని పోతా ఉండాది. పెట్రోలు యాడికి పోతా ఉండాదని ఇంకొకర్ని అడగాలనా?"

నాయన జాకీ పెట్టి వెనక చక్రం పైకి లేపినాడు. చేత్తో తిప్పితే తిరగలేదు. మర్నాడు మెకానిక్ వచ్చి విప్పి చూస్తే, ఉప్పుగాలికి తుప్పు పట్టి హేండ్ బ్రేకు వైరు బిగుసుకుపోయి ఉంది. లోపల బ్రేకు దించినా చక్రం దగ్గర పట్టు వదలడం లేదు. దాన్ని మార్చినాక పెట్రోలు మునుపటి మాదిరే నిలిచింది.

డ్రైవర్ మామను తీసేసే మాట మళ్ళీ రాలేదు. తాతయ్య ఆయనకు రెండు జతల బట్టలు పెట్టి, తప్పు నాదేనని నోరు తెరిచి చెప్పినాడు కూడా. ఆయన తల ఊపి తీసుకున్నాడు. కానీ ఆ తర్వాత ఎప్పుడు కడలూరు నుంచి వచ్చినా, ఎవరూ అడక్కుండానే తాతయ్యను పిలిచి, ట్యాంకులో పుల్ల ముంచి, తడి ఎంతవరకు ఉందో చూపించి గానీ ఇంటికి పోయేవాడు కాదు. వద్దురా, నీకు దండం పెడతానని తాతయ్య ఒకరోజు ఏడ్చినంత పనిచేసినాడు. "చూడండయ్యా" అన్నాడు ఆయన, అంతే. కారు అమ్మేదాకా అట్లే చూపించినాడు.

మొన్న మా కోడలు వంటనూనె తొందరగా అయిపోతా ఉందని, పనిచేసే అమ్మాయి వైపు అదో మాదిరి చూసింది. నాకు ఒళ్ళు మండింది. ఆ పిల్ల ఎదురుగానే నేను లేచి పోయి, నూనె డబ్బా ఎత్తి, ఎక్కడన్నా కారుతా ఉందేమోనని అడుగున చెయ్యి పెట్టి తడిమినాను.