రింగు ముందు వైపు

తడి పచ్చిక మీద డిస్కస్ పడినప్పుడు వచ్చే చప్పుడు ఇంక దేనికీ రాదు. పళ్లెంలా మోగదు, బండలా అదిరిపోదు. ‘దబ్’ అని ఒక్కసారి, నేల మింగేసినట్టు. పోయిన శనివారం ఆక్లాండ్ శివారు పాపటోయిటోయిలో మా అమ్మాయి స్కూలు ఆటల పోటీల్లో ఆ చప్పుడు విన్నాను. తల్లిదండ్రులంతా డిస్కస్ ఎంత దూరం పోయిందా అని చూస్తుంటే, నేను మాత్రం విసిరిన పిల్లల పాదాల వైపు చూస్తూ నిలబడ్డాను. “అమ్మా, అందరూ అటు చూస్తుంటే నువ్వేంటి ఇటు? ఇట్స్ వియర్డ్,” అని గొణిగింది మా అమ్మాయి, తన వంతు కోసం ఎదురుచూస్తూ. వియర్డే. ఆ జబ్బు నాకు అంటించింది డోరిస్ ఆంటీ.

ఇన్వర్‌కార్గిల్‌లో పాలిటెక్నిక్ చదువుకి న్యూజిలాండ్ వచ్చిన కొత్తలో ఆవిడ ఇంట్లో ఒక గది అద్దెకు తీసుకున్నాను. డెబ్భై దాటిన ఇంగ్లండు మనిషి. నాకన్నా జానెడు పొడుగు, గుమ్మంలో నిలబడితే వెనక వెలుతురు కనపడనంత భుజాలు. ఇక్కడ ఎంత పెద్దవాళ్లనైనా పేరు పెట్టే పిలవాలన్నారు. నాకు నోరు రాలేదు. “ఆంటీ” అన్నాను.

“మీ నాన్నకి నేను అక్కనెప్పుడయ్యాను?” అంది.

“మా వైపు అక్క కానక్కర్లేదండీ, వయసు ఉంటే చాలు.”

ఆవిడ పొట్ట పట్టుకుని నవ్వింది. వరంగల్ హాస్టల్లో వార్డెన్ నుంచి ఇంట్లో మా పెదనాన్న దాకా అందరూ నా నోటిని అదుపులో పెట్టుకోమన్నవాళ్లే. నోరు విప్పితే సంతోషపడిన మొదటి మనిషి ఈవిడ.

ఆ ఇంటి పెరట్లో, బట్టలారేసే తీగల పక్కన, గుండ్రంగా ఒక సిమెంటు గచ్చు ఉండేది. నీళ్ల ట్యాంకు కోసం కట్టించి వదిలేశారనుకున్నాను. కాదట, డిస్కస్ విసిరేవాళ్లు లోపల నిలబడి తిరిగే రింగు అట అది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాతి రోజుల్లో ఆవిడ ఇంగ్లండులో డిస్కస్ విసిరేది. పగలు రొట్టెల బట్టీలో పిండి ముద్దలెత్తడం, సాయంత్రం స్కూలు మైదానంలో ఒంటరిగా గిరగిరా తిరిగి విసరడం. బట్ట దొరకని కాలం కాబట్టి, యుద్ధంలో కిటికీలకు కట్టిన నల్ల తెర చించి నిక్కరు కుట్టుకుందట. “కోచ్ లేడు. మగవాళ్లు విసురుతుంటే కంచె బయట నిలబడి చూసి, ఇంటికొచ్చి వంటగదిలో తిరిగేదాన్ని. మా అమ్మ పింగాణీ సామానంతా నా చేతుల్లోనే పోయింది,” అనేది. అలా జిల్లా దాటి, దేశం జట్టును ఎంచే పోటీ దాకా వచ్చింది.

ఆ రోజు చివరి అవకాశంలో ఆవిడ డిస్కస్ జన్మలో ఎన్నడూ పోనంత దూరం పోయింది. ఆవిడ రింగు ముందు వైపు నుంచి బయటికి నడిచింది. ఆ త్రో చెల్లదని ఎర్ర జెండా లేచింది. డిస్కస్ నేలకు తాకేదాకా రింగు వదలకూడదు, తాకాక కూడా వెనక సగంలోంచే బయటికి రావాలి. అదీ ఆ ఆట నియమం. ఎవరూ టేపు పట్టుకుని కొలవలేదు. జట్టులో ఆవిడ పేరు రాలేదు. పెళ్లి చేసుకుని ఇటొచ్చేసింది. మళ్లీ ఏ పోటీలోనూ విసరలేదు.

విన్నప్పుడు నాకు ఒళ్లు మండిపోయింది. “పడాల్సింది పడింది కదా! మనిషి ఏ వైపు నుంచి బయటికొస్తే వాళ్లకేం? ఆ రూల్ రాసినవాడు జన్మలో ఏమైనా విసిరాడా?”

“నువ్వు నా తరఫున వచ్చుంటే, విజయా, నన్ను మైదానంలోకే రానిచ్చేవాళ్లు కాదు.”

కానీ నన్ను తొలిచింది రూలు కాదు. అన్నేళ్లు వెనక నుంచే వచ్చిన కాళ్లు ఆ ఒక్కసారి ముందుకెందుకు నడిచాయి? అడిగిన ప్రతిసారీ ఒక కొత్త జవాబు. బూట్లు కరిచాయి. చలి. మరిచిపోయాను. ఒక్కటీ నేను నమ్మలేదు.

నా చదువు పూర్తయి ఉద్యోగంలో చేరేనాటికి ఆవిడ చూపు మధ్యలో మసక కమ్మింది. ఎదుటి మనిషి చెవులు కనిపించేవి, మొహం కనిపించేది కాదు. అప్పుడు మొదలుపెట్టింది, ఊళ్లో జరిగే ముసలివాళ్ల పోటీలో విసురుతానని. “నా చివరి త్రో ఎర్ర జెండా కాకూడదు. తెల్లది లేస్తే చాలు, ఎంత దూరమైనా సరే.”

“తిరిగాక ఏది ముందో ఏది వెనకో ఎలా తెలుస్తుంది?”

“నువ్వు రింగు వెనక కట్టే వల అవతల నిలబడి పోట్లాడుతూ ఉండు. నీ గొంతు వినపడే వైపు వస్తాను.”

ఆ రోజు సన్నటి వాన. మొదటి రెండూ వలకే తగిలాయి. మిగిలింది ఒక్కటే. నేను ఆ రూలును, దాన్ని రాసినవాణ్ని, ఆ ఊరి చలిని తిడుతూనే ఉన్నాను. జెండాలు పట్టుకున్న ముసలాయన, “ఈవిడ కోచా?” అని అడిగాడు. “కాదు, అద్దెకుంటోంది,” అంది ఆంటీ. తిరిగింది, విసిరింది. డిస్కస్ వానలో పల్చగా తేలుతూ పోతోంది, పోతోంది. దబ్.

ఆవిడ రింగు ముందు అంచు మీద ఊగుతూ నిలబడింది. కాలు గాలిలో తడుముతోంది. నా తిట్లు ఆగిపోయాయి. నేను నోరు తెరుచుకుని అది పడిన చోటే చూస్తున్నాను.

“విజయా! ఎక్కడ చచ్చావ్?”

“ఇక్కడే ఉన్నా! ఆ రూల్ ఇప్పటికీ తప్పే!” అని అరిచాను. ఆ కాలు వెనక్కి తిరిగింది. అడుగులో అడుగేసుకుంటూ నా గొంతు వైపే వచ్చింది. తెల్ల జెండా.

వల దగ్గరికొచ్చి నా చెయ్యి వెతుక్కుంది. “అంత నోరు దానివి, ఎందుకాగిపోయావ్?”

“చూస్తున్నానండీ. అలా పోతుంటే...”

“ఆ రోజు నేనూ అంతే,” అంది.

ఇన్నాళ్లూ అడిగినదానికి జవాబు అదే. ఆ తర్వాత నేను మళ్లీ అడగలేదు. నేను ఆక్లాండ్ వచ్చేశాక ఒక చలికాలంలో ఆవిడ పోయింది.

పోయిన శనివారం మా అమ్మాయి వంతు వచ్చింది. తిరిగి విసిరింది. బాగానే పోయింది. ఒక కాలు ముందుకు లేస్తుండగా నేను వల వెనక నుంచి, “రాత్రి గిన్నెలు ఎవరు తోముతారే? నిన్న నీ వంతు కాదా?” అని మైదానమంతా వినపడేలా మొదలుపెట్టాను. అది ఎర్రబడ్డ మొహంతో గిర్రున తిరిగి నా మీదికొచ్చింది.

“అమ్మా! ప్లీజ్, స్టాప్!”

వెనక సగంలోంచే వచ్చింది. తెల్ల జెండా లేచేదాకా నేను ఆపలేదు.